మర బండి తాళపుచెవి

ఇంటి తాళపుచెవుల గుత్తి ఇల్లాలి కొంగున వ్రేలాడుట మన యిండ్లలో ఏనాటినుండియో యున్న ఆచారము. బీరువా తాళపుచెవి ఎవరిచేత నుండవలెనో, పొరుగూరు పోవునపుడు వీధితలుపు తాళపుచెవి ఏ యింట నప్పగింపవలెనో మన కొకరు నేర్పనక్కరలేదు. కాని యిటీవల కంటికి కనబడని తలుపులు గల వస్తువులు కొన్ని మన యిండ్లలోనికి వచ్చి చేరుచున్నవి. ఆ తలుపుల మాట మగవారో పిల్లలో చూచుకొందురులే యని మనలో పెక్కురు ఊరకుందురు. మా యింట నట్లు ఊరకుండుటకు వీలు లేకపోయినది. అందుకు కారణము మా అమ్మాయి చేసిన నాలుగు చక్రముల మర బండి. అంతకంటె పెద్ద కారణము మా అత్తగారు.

మేముండునది రంగారెడ్డి జిల్లాలోని అబ్దుల్లాపూర్‌మెట్‌. హైదరాబాదునుండి విజయవాడకు పోవు పెద్దబాటమీది యూరు. 2016లో జిల్లాలను క్రొత్తగా ఏర్పరచినపుడు మండలకేంద్రమైనది. మావారు ఉద్యోగమునకై నగరమునకు పోవుదురు. మేము హయత్‌నగరులో ఒక బడిలో పాఠములు చెప్పుదుము. అమ్మాయి ఓరుగల్లులో ఇంజనీరింగు చదువుచు హాస్టలులో నున్నది. కావున పగలు తొమ్మిదిగంటలనుండి సాయంకాలము నాలుగున్నర వరకు ఇంటిలో డెబ్బది యెనిమిదేండ్ల మా అత్తగా రొక్కరే యుందురు. రెండేండ్లక్రిందట ఒకనాడు ఆమె స్నానపుగదిలో కాలుజారి పడి, మేము వచ్చునంతవరకు లేవలేకపోయిరి. ఎముకలు విరుగలేదు గాని, ఆనాటినుండి మేము బడిలో నున్నంతసేపును మా మనస్సు ఇంటిమీదనే యుండును.

అమ్మాయి వేసవి సెలవులలో ఈ బండిని కూర్చినది. అడుగున పలుచని చట్టము, పసుపుపచ్చని మోటార్లు నాలుగు, ముందువైపున బొటనవ్రేలి గోరంత కెమెరా, నడుమ కంప్యూటరు. కంప్యూటరనగా బల్లమీద మనము చూచునట్టిది కాదు. 65 మిల్లీమీటర్ల పొడవు, 30 మిల్లీమీటర్ల వెడల్పు గల ఒక్క పలక. దానిపేరు రాస్బెరీ పై జీరో టూ డబ్ల్యూ. పిల్లలకు కంప్యూటరు విద్య చౌకగా అందవలెనను తలంపుతో ఇంగ్లండులోని కేంబ్రిడ్జి పట్టణమున నేర్పడిన సంస్థవారు 2012 ఫిబ్రవరి 29వ తేదీన ఇట్టి పలకలను మొదటిసారి అమ్మకమునకు పెట్టిరి. మా యింటిది వారు 2021లో తెచ్చిన చిన్నరకము. మోటార్ల కొక బ్యాటరీ, పలకకు వేరొక బ్యాటరీ అమర్చినది. రెంటికిని ఒకటే యైనచో చక్రములు కదలబోవు క్షణమున మోటార్లు విద్యుత్తును గుంజుకొనగా కంప్యూటరు సొమ్మసిల్లి మరల మొదటినుండి మేల్కొనునట. బావి మోటరు వేయగానే ఇంటి దీపములు మిణుకుమనుట చూచినవారి కిది వేరుగ చెప్పనక్కరలేదు.

సెలవులు ముగిసినవి. హాస్టలు గదిలో నలుగురు పిల్లలు. బండికి చోటు లేదు. “అమ్మా, ఇది ఇక్కడనే ఉండనీ. నేను అక్కడికెళ్ళే నడుపుత. నానమ్మను గూడ చూసినట్టయితది” అని అమ్మాయి అన్నది. మా కా మాట ఎంతో నచ్చినది. అత్తగారు మాత్రము నోటిలోని తమలపాకు నమలుట మాని, “నన్ను జూసుడేంది బిడ్డా? నేనేమన్న బొమ్మనా?” అనిరి. ఆ మాటకు అప్పు డెవ్వరును బదులు చెప్పలేదు.

ముందుగా పని యెట్లు జరిగినదో చెప్పెదము. ఈ పలకకు తెర లేదు. అక్షరములు కొట్టు కీబోర్డును లేదు. ఇంజనీర్లు దీనిని తలలేని కంప్యూటరందురట. మొండెమను మంచి తెలుగుమాట మనకున్నది గాని, ఇంటిలో తిరుగు వస్తువు నా పేర పిలుచుటకు మాకు నోరు రాదు. తెర లేనిదానితో మాటలాడుట యెట్లు? దానిలో నుంచు చిన్న కార్డునందే ముందుగా కొన్ని సంగతులు వ్రాసి పెట్టవలెను: వాడువారి పేరు, పాస్‌వర్డు, ఇంటి వైఫై పేరు, దాని పాస్‌వర్డు, దూరమునుండి వచ్చువారికి తలుపు తీయవచ్చునను అనుమతి. సంస్థవారి ఇమేజరను ప్రోగ్రాము లాప్‌టాపుమీద ఈ ప్రశ్నలన్నియు వరుసగా అడిగి కార్డుమీద వ్రాయును. ఈ రకపు పలక 2.4 గిగాహెర్ట్‌జుల వైఫైని మాత్రమే వినగలదు. మా రౌటరులో రెండు పేర్లుండగా 5 గిగాహెర్ట్‌జుల పేరు దానికి వినబడదు. ఇట్టి చోట్లనే పిల్లలు రెండేసి దినములు తలలు పట్టుకొని కూర్చుందురు. తరువాత రౌటరులో ఈ బండికి ఒకటే చిరునామా యెల్లప్పుడును దక్కునట్లు వ్రాసిపెట్టితిమి. లేనిచో కరెంటు పోయి వచ్చినప్పుడెల్ల అది క్రొత్త చిరునామాతో మేల్కొనవచ్చును. అద్దెయిండ్లు మార్చు చుట్టమును వెదకినట్లు మనము దానిని వెదకవలసి వచ్చును.

ఇట్లు దూరమునుండి కంప్యూటరులోనికి పోవు పద్ధతికి ఎస్‌ఎస్‌హెచ్‌ అని పేరు. దీని పుట్టుక తెలిసికొనదగినది. పూర్వము టెల్‌నెట్‌ అను పద్ధతి యుండెను. అందులో పాస్‌వర్డు పోస్టుకార్డుమీద వ్రాసిన రహస్యమువలె పోవుచుండెను. దారిలో నెవరైనను చదువుకొనవచ్చును. 1995లో ఫిన్లండు దేశమందలి హెల్సింకి సాంకేతిక విశ్వవిద్యాలయములో నెవరో పొంచియుండి అట్లే పాస్‌వర్డులను దొంగిలించిరి. అక్కడి పరిశోధకుడు టాటు యిలోనెన్‌ ఆ యేడే, మాటలన్నిటిని గూఢలిపిగా మార్చి పంపు ఈ పద్ధతిని కనిపెట్టి లోకమునకు ఉచితముగా ఇచ్చెను. కంప్యూటరు తలుపులకు నంబరులుండును. ఫైళ్ళు పంపు తలుపు 21వది. టెల్‌నెట్‌ తలుపు 23వది. నడుమనున్న 22ను ఆయన అడిగి పుచ్చుకొనెను. మా బండి తలుపు నంబరును అదియే.

మొదటిసారి తలుపు తట్టినపుడు కంప్యూటరు తన వ్రేలిముద్రను చూపి, ‘నన్నెఱుగుదువా?’ యని అడుగును. ఔనన్నచో లాప్‌టాపు ఆ ముద్రను జ్ఞాపకముంచుకొని, మరియొకనాడు వేరొక యంత్రము అదే పేర వచ్చినచో గట్టిగా హెచ్చరించును. రిజిస్ట్రారు కచేరీలో వ్రేలిముద్ర వేసిన మనకు ఇది సులభముగా తెలియును. కచేరీలో ముద్ర వేయునది వచ్చినవారు. ఇక్కడ ముద్ర చూపునది ఇల్లు.

పాస్‌వర్డు మాట యెత్తితిమి గనుక ఒక్క సంగతి. ఈ పలకలు వచ్చిన మొదటి సంవత్సరములలో అన్నిటికిని ‘పై’ యనియే పేరు, ‘రాస్బెరీ’ యనియే పాస్‌వర్డు. అనగా దేశదేశములకు పోయిన తాళములన్నిటికి ఒకే తాళపుచెవి. కొన్నవారు మార్చుకొందురని నమ్మిక; మార్చుకొనక వదలినవారును కలరు. 2016లో మిరాయ్‌ అను దుష్టపు ప్రోగ్రాము ఒకటి, కార్ఖానాలో పెట్టిన పాస్‌వర్డులనే ప్రయోగించి, ఇండ్లలోని కెమెరాలలోను రౌటర్లలోను లక్షలకొలది చొరబడినది. ఆ యేడు అక్టోబరులో వానిలో కొన్నిటిని ఒక్క కంపెనీ మీదికి ఉసికొల్పగా అమెరికాలో ప్రసిద్ధములైన వెబ్‌సైట్లు ఎన్నియో గంటలకొలది నిలిచిపోయినవి. ఆ కెమెరాలు గల ఇల్లాండ్రలో ఎందరికి తమ వసారాలోని వస్తువు దొంగలదండులో చేరినట్లు తెలిసియుండును? రాస్బెరీవారు ఆ సంవత్సరపు చివరనుండియే ఈ తలుపును మూసి యిచ్చుట ఆరంభించి, 2022 ఏప్రిలులో ఆ ఒకే పాస్‌వర్డును కూడ తీసివైచిరి.

మేము పాస్‌వర్డుతో సరిపెట్టుకొనలేదు. దానికంటె మేలైనది తాళపుచెవుల జంట. అమ్మాయి దీనిని మాకు వివరించిన రీతి మా బడిపిల్లలకు సైతము తెలియునట్టిది. ఇనుప తాళపుకప్పను తెఱచియుంచి ఎవరి చేతి కిచ్చినను నష్టము లేదు. వారు దానిని నొక్కి బిగింపగలరే కాని తీయలేరు. తీయునది మనయొద్దనున్న తాళపుచెవి మాత్రమే. అట్లే లాప్‌టాపు రెండు పొడవైన సంఖ్యలను పుట్టించును. కప్పవంటిదానిని బండికి ఇచ్చుదురు. చెవివంటిది లాప్‌టాపు గడప దాటదు. బండిలో ఒక ఫైలు కలదు. అందులో ఒక్కొక్క పంక్తి ఒక్కొక్కరి కప్ప. అమ్మాయి లాప్‌టాపుది ఒకటి, మాది ఒకటి, మావారి ఫోనుది ఒకటి. ఎవరి ఫోనైన పోయినచో వారి పంక్తి నొక్కదానిని చెరిపివేసిన చాలును. తక్కినవారికి ఇబ్బంది లేదు. అందరి కప్పలు చేరిన వెనుక పాస్‌వర్డుతో లోనికి వచ్చు దారిని పూర్తిగా మూసివేసితిమి.

ఇంతవరకు జరిగినది ఇంటిలోనే. ఓరుగల్లునుండి వచ్చుట వేరు మాట. ఇంటర్‌నెట్టు చిరునామాలు పాతపద్ధతిలో మొత్తము సుమారు 430 కోట్లు. వానిలో పంచని మూటలు 2011 ఫిబ్రవరిలోనే అయిపోయినవి. కావున పలు కంపెనీలవారు ఎన్నో ఇండ్లకు కలిపి ఒకే చిరునామా చూపుదురు. పెద్ద అపార్టుమెంటునకు వీధివైపున ఒకటే గేటున్నట్లు; గేటువద్దకు వచ్చినవానికి లోపల మూడవ అంతస్తులోని మా గుమ్మ మేదో తెలియదు. తెలిసినను మాకది సమ్మతము కాదు. 22వ తలుపును లోకమంతటికి తెఱచియుంచిన యంత్రమును పగలనక రాత్రియనక అపరిచితులు తట్టుచునే యుందురు.

దీనికి ఉపాయము, బయటివారు లోనికి వచ్చుట కాక, లోపలివారే బయటికి పోయి కలిసికొనుట. బండియు, అమ్మాయి లాప్‌టాపును తమంతట తాము ఒక మధ్యవర్తి కంప్యూటరునకు కబురంపును. అది రెంటిని పరిచయము చేయును. నేరుగా కలియుటకు వీలులేనపుడు తానే మాటలు మోసికొనిపోవును గాని, గూఢలిపిలో నున్నందున చదువలేదు. మేము టెయిల్‌స్కేల్‌ అనుదానిని పెట్టించుకొంటిమి. రాస్బెరీవారును 2024లో తమ పలకలకై ఇట్టిదానినే తెచ్చిరి. ఈ మధ్యవర్తిత్వమునకు మనదేశములో గొప్ప యుదాహరణ మున్నది. 2023 ఆగస్టు 23వ తేదీన చంద్రునిపై దిగిన మన చంద్రయాన్‌-3లో ప్రజ్ఞాన్‌ అను ఆరు చక్రముల బండి భూమితో నేరుగా మాటలాడలేదు. అది తన్ను మోసికొనిపోయిన విక్రమునితోనే మాటలాడెను. విక్రముడు బెంగుళూరు దగ్గరి బ్యాలాలు కేంద్రమునకు చేరవేసెను. ఆ నెల 27వ తేదీన ప్రజ్ఞానునకు మూడు మీటర్ల ముందు నాలుగు మీటర్ల గుంత యొకటి ఎదురుకాగా, వెనుకకు తిరుగుమని ఇక్కడినుండి ఆజ్ఞ పంపిరి.

ఆ గుంత మాట విన్నప్పటినుండి మాకొక భయము పట్టుకొన్నది. ఓరుగల్లులో అమ్మాయి ‘ముందుకు’ అన్న వెంటనే వైఫై తెగిపోయినచో? ‘ఆగు’ అను మాట చేరదు. బండి పోవుచునే యుండును. ముందు అత్తగారి పాదములుండవచ్చును. అందుచే బండి తనంతట తాను ఆగునట్లు అమ్మాయిచేత వ్రాయించితిమి: అరక్షణము క్రొత్తమాట వినబడకున్నచో మోటార్లు నిలిచిపోవలెను. నోటిమాటతో తృప్తిపడక, బండి వసారాలో నడుచుచుండగా మేమే రౌటరు స్విచ్చి నాపితిమి. జానెడు దూరము పోయి ఆగినది. మఱి మూడుసార్లు ఆపి చూచితిమి. దూరపు బండి నడుపగోరు పిల్లలున్న తల్లులు ఈ పరీక్ష నొక్కదానిని మాత్రము మానవలదు.

యంత్రమున కీ విధముగా దారి యేర్పడినది. ఇక అత్తగారి మాటకు బదులు చెప్పవలసి యుండెను.

మొదటివారము బండి వసారా మూలను ఊరక నిలిచియుండగా ఆమె దానివైపు వీపు పెట్టి కూర్చుండిరి. తల దువ్వుకొనుట మధ్యగదిలోనికి మార్చుకొనిరి. మధ్యాహ్నము నడుము వాల్చుట మానిరి. అడుగగా, “ఇంట్ల నేనొక్కదాన్నే ఉంట గద. గదేమో నా దిక్కే జూస్తున్నట్టున్నది” అనిరి. కెమెరా నడుచుట లేదని మే మెఱుగుదుము; ఆమె కెట్లు తెలియును? ఒకదినము ఆమెయే మాకు తగిన మాట చెప్పిరి. మా మండలములోనే గదా అనాజ్‌పురము దగ్గర రామోజీ ఫిల్ము సిటీ యున్నది. “ఆడ షూటింగుల గూడ చెప్పే తీస్తరు. మనింట్ల చెప్పకుండ తీసుడేంది?”

తెలిసినవారు కొందఱు మాకు వేరొక సలహా నిచ్చిరి: “ముసలివారికి చెప్పనేల? కెమెరా ఎల్లప్పుడును నడువనిండు. మీకు బడిలో నెమ్మదిగా నుండును.” ఈ మాట దురుద్దేశముతో చెప్పినది కాదు. ఆ పడిపోయిన దినము తలంపునకు వచ్చినపుడు మా మనస్సును అటువైపు మొగ్గినమాట నిజమే. కాని ఆలోచింపగా మాకు తోచినది వేరు. అపాయము జరిగినది స్నానపుగదిలో. అక్కడ కెమెరా పెట్టుట యనునది తలపెట్టరానిది. ఈ బండికో, రెండంగుళముల గడపయే హిమాలయము. ఇక వసారాలో కూర్చుండి పత్తి వత్తులు చేసికొను పెద్దమ్మను దినమంతయు చూచి మేము తెలిసికొను విశేషమేమి? మా కలవరము తీరుటకై ఆమె పగటినిద్ర పోగొట్టుట న్యాయము గాదు. కావున ముందు స్నానపుగది గోడకు పట్టుకొను కడ్డీలు రెండు వేయించితిమి. తీగ లేని పిలుపుగంట యొకటి కొని, మీటను నేలకు జానెడెత్తున అంటించి, గంటను పొరుగింటి అక్కయ్యగారి వంటయింట పెట్టించితిమి. కంప్యూటరుతో నిమిత్తము లేని యీ రెంటివలననే మాకు సగము నెమ్మది కలిగినది.

కేంబ్రిడ్జి పట్టణమును మరల తలచుకొనవలసి వచ్చుచున్నది. 1991లో అక్కడి విశ్వవిద్యాలయపు కంప్యూటరు శాఖలోనివారు కాఫీ గిన్నెవైపు ఒక కెమెరాను త్రిప్పిపెట్టిరి. దూరపు గదులవారు మెట్లు దిగివచ్చి వట్టి గిన్నె చూచి పోవుట తప్పునని. ఆ కెమెరా 2001 వరకు నడచినది. దూరమునుండి చూచుటకై పెట్టిన తొలి కెమెరాలలో అది యొకటి. గిన్నెకు సిగ్గు లేదు. అందుచే నెవరును దాని యనుమతి అడుగలేదు. ఆ మర్యాదనే మనుష్యులున్న గదికి తెచ్చుట మాకు సరిపడలేదు.

అమ్మాయికి ఫోనులో ఈ సంగతులన్నియు చెప్పితిమి. ఆమె కొంత చిన్నబుచ్చుకొన్నను, శనివారము వచ్చి బండివీపున రూపాయబిళ్ళంత ఎఱ్ఱని మీట నొకటి బిగించినది. అత్తగారు ఆ మీటను నొక్కినపుడే కెమెరా ప్రోగ్రాము మొదలగును. పది నిమిషములు నడిచి తానే ఆగును. నొక్కిన తోడనే మా యందఱి ఫోనులకు నానమ్మ పిలుచుచున్నదని కబురు వచ్చును. తక్కిన వేళలలో అమ్మాయి ఎస్‌ఎస్‌హెచ్‌ తలుపున వచ్చి ప్రోగ్రాములు దిద్దుకొనవచ్చును గాని కెమెరా జోలికి పోరాదు. కెమెరా నడుచుచున్నంతసేపు వెలుగునట్లు చిన్న దీపమును పెట్టినది.

అయినను ఒక నిజమును మేము అత్తగారికి దాచలేదు. ఈ యేర్పాటంతయు ప్రోగ్రాములోని మాట. తాళపుచెవి చేతనున్నవారు తలచుకొన్నచో దీపము వెలుగకుండ కెమెరాను నడుపనువచ్చును. దీపమును వెలిగించునదియు ఆ కంప్యూటరే గదా. ఆమె కొంచెము సేపు ఆలోచించి లోనికి పోయి, వట్టిదైన హోమియో మందుసీసా మూతను తెచ్చి కెమెరాకు తొడిగి చూచిరి. సరిగా పట్టినది. ఆ మూతను దారముతో బండికే కట్టిరి. ఎంత చదివినవారైనను ఓరుగల్లునుండి ఆ మూతను తీయజాలరు. మా యింటి రక్షణలలో మేము పూర్తిగా నమ్మునది అది యొక్కటే.

ఇప్పుడు తఱచుగా సాయంకాలము అయిదుగంటలకు ఆమె మూత తీసి మీట నొక్కుదురు. అమ్మాయి తరగతి విడిచివచ్చి బండిని గడపవరకు నడిపించును. నానమ్మ తులసికోట చూపుమన్నచో, గడప దాటలేక అక్కడనుండియే తల యెత్తి చూపును. పనియైన వెనుక బండిని పడుకోబెట్టుటయు ఆమెకు నేర్పితిమి. బ్యాటరీ తీగను ఊడబెరుకరాదు; కార్డుమీద వ్రాత జరుగుచుండగా విద్యుత్తు పోయినచో కార్డు చెడవచ్చును. మీటను అయిదు లెక్కబెట్టువరకు నొక్కిపట్టవలెను. పలకమీది పచ్చదీపము ఆరిన తరువాతనే స్విచ్చి తీయవలెను. ఆమె బిగ్గరగా లెక్కబెట్టుట పొరుగింటికి వినబడుచుండును.

పోయిన నెలలో అమ్మాయి స్నేహితురా లొకతె తానును ఈ బండిమీద ప్రోగ్రాము వ్రాసిచూతునని, తన తాళపుకప్పను కూడ చేర్చుమని అడిగినదట. అమ్మాయికి తానే ఒక పంక్తి వ్రాసికొనుట నిమిషము పని. వ్రాయక, నానమ్మను అడుగుమని మాకు ఫోను చేసినది. అత్తగారు, “ముందు ఆ పిల్లను దసరకు ఇంటికి తోల్కరమ్మను. మొఖం జూసి చెప్త” అనిరి. ఇద్దఱును వచ్చునట్లు టిక్కెట్లు తీసికొన్నారు.